జీపుకు, పికప్‌కు రాక్ స్లైడర్ బిగించడం ఎలా: పైపు లావు కన్నా పట్టు ముఖ్యం

పుత్తూరు దాటి నగరి వైపు వెళ్లే దారిలో, కొండ పక్కన ఉన్న ఒక మామిడి తోటకు ఏటా కోత సమయంలో నా బండిని తీసుకువెళ్తాను. తోటకు చేరాలంటే మోకాలెత్తు బండలున్న వంకను దాటాలి. మూడేళ్ల కిందట ఎడమ ముందు చక్రం ఒక బండ ఎక్కి పక్కకు జారగానే, తలుపు కింద రేకు నలిగిన చప్పుడైంది. దిగి చూస్తే, ఎంతో ముచ్చటపడి పెట్టించుకున్న మెరుపు ఫుట్‌స్టెప్ పైకి మడుచుకుపోయి, తలుపు కింది రేకులోకి దిగబడి ఉంది. వెనుక తలుపు తెరుచుకోలేదు. కాయల బుట్టలన్నీ అవతలి వైపు నుంచే ఎక్కించాం. ఆ ఫుట్‌స్టెప్‌ను రెండు పలుచని రేకు బ్రాకెట్లతో బాడీకే బిగించారన్న సంగతి, బండి కిందికి దూరి చూసినప్పుడు గాని నాకు తెలియలేదు.

ఫుట్‌స్టెప్‌కూ రాక్ స్లైడర్‌కూ ఉన్న తేడా అదే. ఫుట్‌స్టెప్ మనిషి కాలి బరువును మోస్తే చాలు. తలుపుల కింద పొడవునా నడిచే పైపు అయిన స్లైడర్ మాత్రం బండి బరువులో సగాన్ని రాతి మీద మోయాలి, మోస్తూ జారాలి, ఆ బరువును బాడీ రేకుకు తగలనివ్వకుండా నేరుగా ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, అప్పగించాలి. కాబట్టి ఛాసిస్ విడిగా, బాడీ విడిగా ఉండే బండ్లకే ఈ పద్ధతి వర్తిస్తుంది. మహీంద్రా థార్, బొలెరో, పాత మారుతి జిప్సీ, ఫోర్స్ గూర్ఖా, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి నడుస్తున్న కర్మాగారంలో తయారైన ఇసుజు డీమ్యాక్స్ వీక్రాస్ ఈ కోవలోనివి. బాడీయే ఛాసిస్‌గా ఉండే కార్లకు దీన్ని బిగించవద్దు.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి తేల్చుకోండి. తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. ముందు బంపరుకు పెట్టే క్రాష్ గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. స్లైడర్ ఎదుటివారికి తగిలేలా ముందుకు పొడుచుకు వచ్చేది కాదు, నిజమే. అయినా మీ ఆర్టీవో కార్యాలయంలో ముందుగా అడగండి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. అనుమతి దొరక్కపోతే రోడ్డు మీద తిరిగే బండికి దీన్ని పెట్టవద్దు. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. స్లైడర్ ఉంది కదా అని శేషాచలం అడవిలోకి బండి తిప్పవద్దు. అది 1989 నుంచి జాతీయ ఉద్యానం, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. ఎర్రచందనం కాపలా ఉన్న ఆ అడవిలో దారి తప్పిన జీపుకు ఎవరూ మర్యాద చేయరు. మీ తోట దారి, స్నేహితుల పొలం, యజమాని అనుమతి ఇచ్చిన క్వారీ బాట, ఇవి చాలు.

వెల్డింగా, బోల్టా?

స్లైడర్‌ను ఛాసిస్‌కు నేరుగా వెల్డింగ్ చేయవచ్చు, లేదా ప్లేట్లు పెట్టి బోల్టులతో బిగించవచ్చు. ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా మొదటిదే గట్టిదంటారు. బాగా చేస్తే అది నిజమే, కానీ బాగా చేయడం కష్టం. ఛాసిస్ రేకు మందం చాలా బండ్లలో మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. దాని మీద పైనుంచి కిందికి అడ్డంగా వెల్డింగ్ గీత లాగితే, వేడి తగిలిన అంచు వెంట లోహం గుణం మారి, గతుకుల్లో వేలసార్లు వంగి లేచాక సరిగ్గా ఆ గీత పక్కనే పగులు పుడుతుంది. నా పరిచయస్థుడి పికప్‌కు ఒక షెడ్డులో ఇలాగే నిలువు గీతలు వేశారు. ఏడాదిన్నర తిరిగేసరికి వెంట్రుకలా కనబడిన పగులు, మరో రెండు నెలల్లో వేలి గోరు దూరేంత అయింది. స్లైడర్ మాత్రం చెక్కు చెదరలేదు.

అందువల్ల ఇంట్లో గాని, చిన్న షెడ్డులో గాని చేసుకునేవారికి నేను బోల్టు పద్ధతినే చెబుతాను. పుత్తూరు కట్టు తెలిసినవారికి దీన్ని అర్థం చేసుకోవడం సులువు. విరిగిన ఎముకకు మేకు దించరు, రెండు పక్కలా బద్దలు పెట్టి చుట్టూ బిగించి కడతారు. ఇక్కడా అంతే. ఛాసిస్ రైలుకు, అంటే బండి పొడవునా సాగే చట్రపు దూలానికి, బయటివైపు ఒక ప్లేటు, లోపలివైపు ఒక ప్లేటు ఉంచి, రైలు పైనుంచి రెండు బోల్టులు, కిందినుంచి రెండు బోల్టులు దూర్చి, రైలును మధ్యలో పట్టేస్తాం. ఛాసిస్‌కు కొత్త రంధ్రం పడదు, వెల్డింగ్ మంట తగలదు, కావాలనుకున్న రోజు విప్పేయవచ్చు. అయితే ఈ కట్టు రైలు పొడవునా జారకుండా, ప్రతి వైపూ కనీసం ఒక ప్లేటును కంపెనీ ఇచ్చిన ఖాళీ రంధ్రంలోకి కూడా ఒక బోల్టుతో లంగరు వేయాలి. పెట్టె ఆకారపు రైలు గుండా బోల్టు దూరుస్తుంటే, లోపల సరిగ్గా రైలు వెడల్పంత పొడవున్న దళసరి గొట్టం ముక్కను తొడగండి. అది లేకుండా బిగిస్తే పానా తిరిగే కొద్దీ రైలు గోడలు లోపలికి సొట్టపడతాయి, బోల్టు బిగువు ఏనాటికీ నిలవదు.

బరువు లెక్క

నాలుగు అంకెలు కాగితం మీద వేస్తే, ఎక్కడ కక్కుర్తి పడకూడదో తెలుస్తుంది. బండి బరువు 1,800 కిలోలు అనుకుందాం. ఒక పక్క మొత్తం బండ మీద ఆగితే 900 కిలోలు ఒకే స్లైడర్ మీద పడతాయి, దురదృష్టం బాగుంటే ఆ బరువంతా పైపును ఛాసిస్ ప్లేటుకు కలిపే ఒకే కాలి మీదకు రావచ్చు. ఆ కాలు ఛాసిస్ నుంచి 200 మిల్లీమీటర్లు బయటికి చాచి ఉంది. కింది నుంచి రాయి పైకి తోస్తే ప్లేటు పై భాగం ఛాసిస్‌కు ఒత్తుకుంటుంది, కింది భాగం ఊడి వచ్చేందుకు లాగుతుంది. పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 150 మిల్లీమీటర్ల ఎడం ఉంటే, కింది రెండు బోల్టుల మీద కలిపి 900 × 200 ÷ 150, అంటే 1,200 కిలోల లాగుడు పడుతుంది. 8.8 గ్రేడు ఎం12 (12 మిల్లీమీటర్ల లావు) బోల్టు ఒక్కటే దాదాపు ఐదు టన్నుల లాగుడు వరకు సాగకుండా తట్టుకుంటుంది. బండి ఎత్తు నుంచి దబ్బున పడినప్పటి దెబ్బ నిలకడ బరువు కన్నా రెండు మూడింతలు ఉంటుందని లెక్కేసినా చోటు మిగులుతుంది. కొట్టులో కలిపి పోసిన, తల మీద అంకె లేని బోల్టుకు ఈ భరోసా ఏదీ లేదు. బోల్టు తల మీద 8.8 అని ఉందో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూసి తీసుకోండి.

ఇదే లెక్క ఇంకొకటి కూడా చెబుతోంది. కాలు ప్లేటును తాకే చోట, కింది అంచులోని వెల్డింగే లాగుడును మోస్తుంది. వెల్డరు తనకు అందే పై అంచును అందంగా వేసి, తలకిందులుగా వేయాల్సిన కింది అంచును తూతూమంత్రంగా ముగిస్తాడు. కాబట్టి ముక్కను బల్ల మీద తిరగేయించి, ఆ కింది అంచునే ముందు వేయించండి.

సామాను

ప్రధాన పైపుకు 40 ఎన్‌బీ (పైపు సైజు గుర్తు) సి-క్లాస్, అంటే దళసరి గోడ ఉన్న, ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు సరిపోతుంది. దాని బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు, గోడ మందం 4 మిల్లీమీటర్లు, మీటరుకు సుమారు 4.4 కిలోలు తూగుతుంది. కాళ్లకు 50 ఎన్‌బీ సి-క్లాస్ తీసుకోండి, అది 60.3 మిల్లీమీటర్ల వ్యాసం, 4.5 మిల్లీమీటర్ల మందం. ఇనుము కొట్టులో పలుచని ఎ-క్లాస్ చూపించి ‘ఇది కూడా అదే సార్’ అంటారు. పైపు చివర గోడ మందాన్ని వెర్నియర్‌తో కొలవనిదే డబ్బు ఇవ్వవద్దు. జీఐ పైపు అసలు వద్దు, వెల్డింగ్ వేడికి దాని మీది జింకు పొగై పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. ప్లేట్లకు 6 మిల్లీమీటర్ల ఎంఎస్, మూలల్లో పెట్టే త్రికోణపు ఊతలకు 5 మిల్లీమీటర్లు చాలు. ఒక్కో వైపు నాలుగు కాళ్లు పెడితే మేలు, మూడుకు తగ్గవద్దు. అన్నీ కలిపి ఒక్కో స్లైడర్ పాతిక కిలోల దగ్గర తేలుతుంది.

కొలతలు, అట్ట నమూనా

బండిని గచ్చు నేల మీద, నాలుగు చక్రాల మీదే నిలపండి. ఛాసిస్‌ను జాకీతో ఒక మూల ఎత్తి కొలతలు తీస్తే, మెలికపడిన ఛాసిస్ కొలతలు వస్తాయి. కిందికి దూరడానికి ఎత్తు చాలకపోతే, ముందు వెనుక ఇరుసుల కింద నాలుగు జాక్ స్టాండ్లు పెట్టి సమంగా ఎత్తండి. ఉత్త జాకీ మీద నిలిచిన బండి కిందికి తల పెట్టవద్దు. స్టాండ్ల మీద దించాక కూడా, పడుకునే ముందు బండిని ఒకసారి గట్టిగా ఊపి చూడండి.

ఛాసిస్‌ను నీళ్లతో కడిగి, ఆరాక ఇనుప బ్రష్‌తో రుద్ది, చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి చోట గంటలా మోగుతుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. అలాంటి చోటు దొరికితే స్లైడర్ మాట పక్కనపెట్టి ముందు దాన్ని బాగు చేయించండి. తర్వాత ఛాసిస్ లోపలి పక్క చూడండి. బ్రేకు పైపులు, డీజిలు పైపులు, వైరింగ్ చాలా బండ్లలో ఆ పక్కనే పోతుంటాయి. లోపలి ప్లేటు వాటిని నొక్కకూడదు. అవసరమైతే వాటి క్లిప్పు విప్పి కొంచెం పక్కకు జరపవచ్చు, కానీ బ్రేకు పైపును వంచవద్దు.

కాళ్లు ఎక్కడ రావాలో సున్నపు ముక్కతో గుర్తు పెట్టండి. మొదటి కాలు ముందు చక్రానికి దగ్గరగా, చివరిది వెనుక చక్రానికి దగ్గరగా, మిగిలినవి మధ్యలో రావాలి. సైలెన్సర్ పైపు, డీజిలు ట్యాంకు, బాడీ రబ్బరు దిమ్మెలు అడ్డు వస్తే ఎడాలు సమంగా లేకపోయినా పరవాలేదు. ఇక్కడ పాత అట్టపెట్టెను మించిన పనిముట్టు లేదు. ప్రతి కాలికీ, ప్రతి ప్లేటుకూ అట్టముక్క కత్తిరించి, ఛాసిస్‌కు ఆనించి, సరిపోయేదాకా చెక్కి, దాని మీద ‘ఎడమ-2’ అని రాసుకోండి. కుడి, ఎడమ ఒకేలా ఉంటాయనుకుని ఒకవైపే కొలిచినవారు రెండోసారి పైపు కొనక తప్పదు.

పాటించాల్సిన ఎడాలు ఇవి. పైపుకూ తలుపు కింది సిల్ రేకుకూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఎందుకంటే బాడీ రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది, గతుకులో ఛాసిస్ ఒకలా, బాడీ ఒకలా కదులుతాయి. పైపు అడుగు ఛాసిస్ అడుగు కన్నా కిందికి దిగకూడదు. తలుపు రేకు కన్నా పైపు 30 నుంచి 50 మిల్లీమీటర్లు బయటికి వస్తే చాలు. ముందు చక్రాన్ని పూర్తిగా తిప్పినప్పుడు, స్ప్రింగు పూర్తిగా అణిగినా టైరు తాకకుండా 50 మిల్లీమీటర్లు మిగలాలి. తలుపులన్నీ తెరిచి మూసి చూడండి. రైలు కింద ప్లేటు అంచు 25 మిల్లీమీటర్లకు మించి వేలాడకూడదు. ఆ అంచు ముందు మూలను ఏటవాలుగా కోసేయండి, లేకపోతే అదే రాతికి కొక్కెంలా తగులుకుంటుంది.

కోత, వెల్డింగ్

పైపు రెండు చివరలూ ఛాసిస్ వైపు లోపలికి తిరగాలి. పైపులో ఇసుక కూరి, కాల్చి వంచే పాత పద్ధతిని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోవద్దు. ఇసుకలో చెమ్మ మిగిలితే మూసిన పైపులో ఆవిరి పుట్టి బిరడా తుపాకీ గుండులా లేస్తుంది. సరైన డై ఉన్న హైడ్రాలిక్ బెండింగ్ యంత్రం అందుబాటులో లేకపోతే, ఏటవాలుగా కోసి అతికించడమే మంచిది. చివరలను 4 మిల్లీమీటర్ల బిళ్లతో పూర్తిగా మూసేయండి, తెరిచి ఉంచితే మట్టి చేరి లోపలినుంచి తుప్పు తింటుంది. కాలి చివరను ప్రధాన పైపు గుండ్రానికి సరిపోయేలా అర్ధచంద్రాకారంగా కోసి, సందు రెండు మిల్లీమీటర్లకు మించకుండా ఆకురాయితో సరిచేయండి. పెద్ద సందును వెల్డింగ్ లోహంతో పూడ్చిన అతుకును నమ్మకూడదు.

ఇప్పుడు ప్లేట్లను ఛాసిస్‌కు బిగించి, ప్రధాన పైపును చెక్క దిమ్మెల మీద ఎత్తు సరిచూసి నిలిపి, కాళ్లను వాటి మధ్య అమర్చి, ఒక్కో చోట రెండు మూడు టాకాలు, అంటే ముక్కను తాత్కాలికంగా నిలిపే వెల్డింగ్ చుక్కలు, మాత్రమే వేయండి. బండి మీద జరిగే వెల్డింగ్ ఇంతవరకే. దానికి కూడా ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి, ఎర్త్ క్లాంపును టాకా వేసే ముక్కకే పెట్టాలి, డీజిలు పైపులకు తడి గోనెసంచి కప్పాలి, మంటలు ఆర్పే సిలిండరుతో ఒక మనిషి పక్కన నిలబడాలి.

టాకాలు పడ్డాక మొత్తాన్ని విప్పి కిందికి దించి, బల్ల మీద పూర్తి వెల్డింగ్ చేయించండి. కో2 మిగ్ వెల్డింగ్ ఉంటే మంచిది. ఆర్క్ అయితే 6013 రాడ్డు కాకుండా 7018 అడగండి, ఆ రాడ్లను వాడే ముందు ఓవెన్‌లో ఆరబెట్టాలి. చెమ్మ పట్టిన 7018 వేస్తే, దాన్ని ఎంచుకున్న లాభమే పోతుంది. ఒక కాలు మొత్తం ఒకేసారి పూర్తి చేయకుండా, ఒకటో కాలిలో కొంత, నాలుగో కాలిలో కొంత, మళ్లీ రెండో దానిలో కొంత వేస్తూ పోవాలి. అలా కాకుండా వరుసగా వేస్తే వేడికి పైపు విల్లులా వంగి, రేపు బోల్టు రంధ్రాలు కలవవు. త్రికోణపు ఊతలను కాలి అడుగున, ప్లేటు కింది సగానికి ఆనించి పెట్టించండి.

రంగు, బిగింపు

చాలామంది పౌడర్ కోటింగ్ చేయిస్తారు. నేను వద్దంటాను. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన పొరలు పొరలుగా కనిపించే క్వార్ట్‌జైట్ రాయి, ఈ చుట్టుపక్కల వంకల్లోనూ అదే. అందులోని క్వార్ట్జ్ మామూలు ఉక్కు కన్నా గట్టిది, ఏ పూతనైనా గీరేస్తుంది. గీత పడిన పౌడర్ పొర కింద తుప్పు పాకుతుంది, ఇంట్లో దాన్ని సరిచేయలేం. జింకు ప్రైమరు రెండు పూతలు, మీద నల్ల ఎనామిల్ వేసుకుంటే, గీత పడినప్పుడల్లా ఉప్పుకాగితం, కుంచె సరిపోతాయి. ఛాసిస్‌కు ఆనే ప్లేటు ముఖానికి మాత్రం ప్రైమరు పలుచగా వేసి వదిలేయండి. అక్కడ రబ్బరు షీటు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. రబ్బరు నలిగే కొద్దీ బోల్టు బిగువు వదులవుతుంది కాబట్టి పెట్టవద్దు.

బిగించేటప్పుడు ఇద్దరు మనుషులు పైపును ఎత్తి పట్టుకోవాలి. బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, పైపు సిల్‌కు సమాంతరంగా ఉందో లేదో రెండు చివర్లా కొలిచి, మధ్య కాళ్ల నుంచి చివరలకు, పై బోల్టు, కింది బోల్టు మార్చి మార్చి బిగించండి. 8.8 గ్రేడు ఎం12 బోల్టుకు టార్క్ రెంచ్‌తో 80 నుంచి 85 న్యూటన్ మీటర్లు, ఎం10 అయితే 45 నుంచి 50 చాలు. నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి వదులుకానివి) వాడండి, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయండి. బిగువు సరిపోయాక ప్రతి నట్టు మీదుగా ప్లేటు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే ఆ గీత విరిగి కనబడుతుంది.

బరువు పరీక్ష

బండరాయి దాకా ఆగకుండా ఇంటి దగ్గరే పరీక్షించండి. చక్రాలకు ముందూ వెనుకా అడ్డం పెట్టి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, సిల్‌కూ పైపుకూ మధ్య ఖాళీని మూడు చోట్ల కొలిచి రాసుకోండి. పైపు మధ్యలో, ఒక కాలికి దగ్గరగా చెక్క దిమ్మె ఆనించి బాటిల్ జాకీతో మెల్లగా ఎత్తండి. ఎవరూ బండి కిందికి వెళ్లకూడదు. ఆ పక్క చక్రాలు నేల మీద నుంచి లేస్తున్నప్పుడు మళ్లీ కొలవండి. ఖాళీ నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గితే సహజం. పది దాటితే గాని, ప్లేటు ఛాసిస్ మీద తిరిగినట్టు రంగు చెదిరితే గాని, దించేసి ఎక్కడ సాగుతోందో వెతకండి. నా మొదటి స్లైడర్ ఈ పరీక్షలోనే తప్పింది. మూడో కాలి ప్లేటు పెయింటు గుట్ట మీద కూర్చుని, ఒక మూలే ఛాసిస్‌ను తాకుతోంది. గీకి మళ్లీ బిగించాక ఖాళీ తగ్గుదల మూడు మిల్లీమీటర్లకు వచ్చింది.

మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, 500 కిలోమీటర్లకు ఒకసారి టార్క్ సరిచూడండి. ఆ తర్వాత తెల్ల గీతలు చూసుకుంటే సరిపోతుంది. మన ప్రాంతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో ఎర్రమట్టి లోపలి ప్లేటుకూ బ్రేకు పైపుకూ మధ్య చేరి గట్టిపడుతుంది. ప్రెజర్ వాష్ చేయించేటప్పుడు బయట పైపును మెరిపించి వదిలేస్తారు. మీరే వంగి, ఛాసిస్ లోపలి పక్కకు నీటి ధార పట్టించండి.